బుద్రత్త మీద పడని పేడనీళ్లు

మా ఎదురింటావిడ రోజూ పొద్దున్నే సిమెంటు మెట్ల మీద కళ్లాపి చల్లుతుంది. విశాఖపట్నంలో మా కాలనీ కొండవాలు మీద ఉంది. మట్టి వాకిలి ఎవరికీ లేదు కాబట్టి ఆవిడ భక్తినంతా మున్సిపాలిటీ మెట్లే భరిస్తున్నాయి. పేడ కలిపిన నీళ్ల వాసన పచ్చిగా, నమిలిన గడ్డి వాసనతో, మా గుమ్మం దాకా వస్తుంది. ఆ వాసనకి చుట్టుపక్కల వాళ్లకు లక్ష్మీదేవి గుర్తొస్తుందట. నాకు మాత్రం భుజాలు వాటంతటవే పైకి లేస్తాయి, మెడ లోపలికి పోతుంది, కళ్లు మూసుకుంటాయి. మొన్న డ్యూటీకి బయల్దేరుతూ అలాగే నిలబడిపోతే ఆవిడ కంగారుపడి, "మీ మీద చల్లను బాబూ, వెళ్లండి" అంది. చల్లదని నాకూ తెలుసు. నా మీద చల్లేవాళ్లు ఇప్పుడెవరూ లేరు.

మాది అరకులోయ. అక్కడ కొండ దిగి వచ్చి ఇక్కడ మళ్లీ కొండెక్కాం. మధ్యలో బస్సు ప్రయాణం ఒక్కటే దండగ. అరకులో కూడా మేం పాతకాపులం కాదు. లోయకి ఆవల, రోడ్డు లేని ఊళ్ల నుంచి ఒక్కొక్కరే దిగి, రైలు పట్టాల అవతల ఖాళీ జాగాలో రేకులు వేసుకుని వీధి కట్టుకున్నవాళ్లం. తొంభైల్లో గెస్టుహౌసులు లేస్తున్నాయి. వాటిలో వంటకీ, దుప్పట్లు ఉతకడానికీ, జీపులు నడపడానికీ మనుషులు కావాలి. మేం మనుషులమే కాబట్టి వచ్చాం. బజారులో మా వీధిని 'కొండోళ్ల వీధి' అనేవారు. అరకులో ఎవరు నిలబడినా కొండమీదే నిలబడతారు. మైదానం నుంచి వచ్చి షాపులు పెట్టుకున్నవాళ్లు తమ షాపులు ఎక్కడున్నాయనుకునేవారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ వీధికంతటికీ అత్త, బుద్రత్త. వరసలు లెక్కపెడితే నాకేమీ కాదు. పొట్టి మనిషి. ముక్కుకి రెండు వైపులా పోగులు. చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని కాల్చేది. ఆ నిప్పు నోట్లో ఉండగానే మాట్లాడేది, తీశాక ఇంకా వేడిగా మాట్లాడేది. భర్త రైల్వే లైను పనికి వచ్చి మలేరియాతో పోయాడు. ఊరికి తిరిగి వెళ్లమని అందరూ చెప్పారు. ఆమె వెళ్లలేదు. ఒక గెస్టుహౌసులో దుప్పట్లు ఉతికే పనికి కుదిరింది. టూరిస్టులు చలికి వణుకుతూ కప్పుకునే దుప్పట్లను ఆమె అంతకన్నా చల్లటి వాగునీళ్లలో ఉతికేది. నేనప్పుడు కుర్ర జీపు డ్రైవర్ని. గుహలకి టూరిస్టుల్ని తిప్పేవాడిని, దారిపొడుగునా వాళ్లని నవ్వించేవాడిని. బ్రేకులు సరిగ్గా పడని జీపుకి అది అవసరం.

ఆమె గురించి చెప్పాలంటే ముందు ఇటుకల పండగ గురించి చెప్పాలి. చైత్రంలో మా ఊళ్లలో విత్తనాలకు పూజ చేస్తారు. తర్వాత మగవాళ్లంతా విల్లంబులు పట్టుకుని అడవికి వేటకు పోతారు. అన్ని రోజులూ ఊరు ఆడవాళ్లది. ఏదో ఒకటి కొట్టి తెచ్చినవాడికి పాట, డప్పు. ఖాళీ చేతులతో వచ్చినవాడికి ఊరి మొదట్లోనే పేడనీళ్లు. పెద్దవాడనీ లేదు, పూజారనీ లేదు. నెత్తిమీంచి పోసి, తిట్టి, నవ్వి, అప్పుడు ఇంట్లోకి రానిస్తారు. అడవిలో జంతువులు ఎన్ని మిగిలాయన్నది ఆడవాళ్లకి అనవసరం. అడవితో మాట్లాడుకోవాల్సింది వేటగాడు.

వీధికి వచ్చిన మొదట్లో మేం ఈ పండగని పద్ధతిగా ఎగ్గొట్టాం. మా చుట్టూ ఉన్నవి అడవులు కావు, లాడ్జీలు. ఒక చైత్రంలో మాత్రం బుద్రత్త పట్టుబట్టింది. ఏట లేకపోతే విత్తనం మొలవదు, వేటకి వెళ్లమంది. మగవాళ్లం వెళ్లాం. స్టేషను వెనక తుప్పల్లో పేకాడుకున్నాం. సాయంత్రం బజారులో ఒక బాయిలరు కోడిని పట్టుకుని ఊరేగింపుగా వీధిలోకి వచ్చాం. బుద్రత్త వీధి మొదట్లో నడుముకి చెంగు బిగించి నిలబడి ఉంది. పక్కన బకెట్టు.

"ఏటిది?"

"ఏట అత్తా" అన్నాను.

కోడిని రెక్క పట్టుకుని ఎత్తి చూసింది. తెల్లగా, బద్ధకంగా, ఎటు తీసుకెళ్లినా పర్వాలేదన్నట్టు ఉంది అది. "ఏ అడివిల కొట్టినావురా దీన్ని?"

"బజారు అడివిల. శానా భయంకరవైన అడివి అత్తా. ఎటు సూసినా సేటుగోరే."

వీధంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే బకెట్టు నా నెత్తిమీద బోర్లించింది. తర్వాత అందరికీ వరసగా పడ్డాయి. కోడికి కూడా కొంచెం పడ్డాయి, పాపం. మేం తడిసి, కారుతూ నిలబడ్డాక, ఆమె చుట్ట తీసి అసలు మాట చెప్పింది.

"బజారు అడివే అన్నావు కదరా అల్లుడా, అలాగే కానీ. ఈ అడివిల ఉన్నదే కొట్టుకు రండి. ఆడగుంటలు వాగు కాడికి పోయి నీల్లు మోస్తన్నారు. కుళాయి కొట్టుకు రండి. వొచ్చినప్పుడే పండగ."

ఆ మాటతో మా ఇటుకల పండగ మారిపోయింది. మా ఊళ్లలో వాళ్లు వింటే నవ్వుతారు. కుందేలు వేటకి పోయే జాతి కుళాయి వేటకి బయల్దేరింది.

వేట ఎక్కడన్నది అందరికీ తెలుసు. పంచాయతీ ఆఫీసుకి తాళం ఉండేది. పంచాయతీ మాత్రం షావుకారి బియ్యంకొట్టు ముందున్న బల్లమీద జరిగేది. సర్పంచి పదవి మా కొండజాతి వాళ్లకే రిజర్వు. అందరూ ప్రెసిడెంటుగారని పిలిచే ఆ మనిషి మావాడే, లోయకి అటువైపు ఊరివాడు. ఆయన బల్లమీద కూర్చునేవాడు. షావుకారు కొట్టులోపల తక్కెడ వెనక కూర్చునేవాడు. ఏది అడిగినా ప్రెసిడెంటుగారు ఒక్కసారి లోపలికి చూసి, తర్వాత జవాబు చెప్పేవాడు. మెడనొప్పి వచ్చే ఉద్యోగం అది.

"మీ ఓట్లు ఏడున్నాయి?" అన్నాడు మమ్మల్ని చూసి.

"మా ఊళ్లల్లోనండి."

"మరి నీల్లు ఈడ అడుగుతారేటి? మీ ఊళ్లకెల్లి అడగండి."

అందులో న్యాయం ఉన్నట్టే అనిపించింది. దండం పెట్టి వచ్చేశాం. వీధి మొదట్లో బకెట్లు తయారుగా ఉన్నాయి. ఈసారి నేను జోకు వేయకముందే తడిశాను. ఇళ్లకు పోయి స్నానాలు చేద్దామని కదిలితే బుద్రత్త అడ్డం నిలబడింది.

"తానం ఎందుకు? పొద్దున్న ఇలాగే ఎల్లండి. ఆ బల్లమీదే కూకోండి. సోమా," అని నా వైపు తిరిగింది, "నీకు నోరుంది కదా, మా కాడ పారేసుకోకు. ఆడ వాడు."

మర్నాడు అలాగే వెళ్లాం. ఎండిన పేడతో, రాత్రంతా బాగా ముగ్గిన వాసనతో, బియ్యంకొట్టు ముందు బల్లమీద, కింద, గుమ్మం పక్కన సర్దుకుని కూర్చున్నాం. ఎవర్నీ ఏమీ అనలేదు. ముక్కు మూసుకుని అడిగినవాళ్లకి నేను మర్యాదగా చెప్పాను: ఇది మా పండగండి, ప్రెసిడెంటుగారు కుళాయి ఇచ్చేదాకా ఉంటుందండి. మధ్యాహ్నానికి బియ్యం కొనేవాళ్లు పక్కకొట్టుకి పోవడం మొదలుపెట్టారు. షావుకారు తక్కెడ వెనక నుంచి లేచి గుమ్మందాకా వచ్చాడు. అంతకుముందు ఆయన్ని నిలబడగా చూసినవాళ్లు మాలో లేరు. ఈసారి ప్రెసిడెంటుగారు లోపలికి చూడనక్కరలేకపోయింది. వర్షాలు పడేలోపల పట్టాల అవతలకి పైపు వచ్చింది. మొదటి బిందె పట్టింది బుద్రత్త కాదు, ఆమె ఆ రోజు దుప్పట్ల దగ్గర ఉంది. సాయంత్రం వచ్చి కుళాయి తిప్పి, కట్టేసి, మళ్లీ తిప్పి, "బాగానే కొట్టినారు, బలిసిన ఏట" అంది.

తర్వాత కొన్ని చైత్రాలు అలాగే గడిచాయి. ఓసారి వీధిలైట్లు, ఓసారి బడికి రెండో టీచరు. టీచర్ని వేటాడటం కష్టం, ఊరికే దొరకరు. ఖాళీ చేతులతో వచ్చిన రోజులే ఎక్కువ. తడవడం, తిట్లు తినడం, మర్నాడు మళ్లీ పోవడం. నేను ఆ బల్ల దగ్గరే మాట్లాడటం నేర్చుకున్నాను. అంతకుముందు నాకు వచ్చింది నవ్వించడం. ఎదుటివాడు నవ్వేసి వెళ్లిపోతాడు, మన పని అక్కడే ఉంటుంది. బుద్రత్త ఒకసారి నాతో, "నవ్వినోడు తలుపు తీస్తాడురా, అప్పుడు కాలు ఎట్టాల. నువ్వు బయటే నిలబడి నువ్వూ నవ్వుతావు" అంది. నన్ను ఇంత సరిగ్గా తిట్టినవాళ్లు తర్వాత దొరకలేదు.

పంచాయతీ ఎన్నికలు వచ్చినప్పుడు ఆమె మా అందరి ఓట్లనీ అరకుకి మార్పించింది. వినడానికి చిన్న పని. ఊళ్లలో గొడవైంది. మా నాన్న రెండు నెలలు నాతో మాట్లాడలేదు. "దేవతని కూడా మార్చుకున్నావేటి?" అని కబురు పంపాడు. ఊళ్లో జాతరకి వెళితే మమ్మల్ని చుట్టాల్లాగా చూశారు, చాపవేసి కూర్చోబెట్టారు. సొంత ఊళ్లో చాప వేశారంటే అంతకంటే అవమానం లేదు. అయినా ఆమె మాట మీద మార్చుకున్నాం. మా వీధి వార్డుకి ఆమే నిలబడింది, గెలిచింది. ఆ రోజు ఆమెని జీపు బానెట్టు మీద కూర్చోబెట్టి బజారంతా తిప్పాను. హారను ఒక్కటే బాగా పనిచేసే జీపు అది, ఆ రోజుకి సరిపోయింది.

మెంబరయ్యాక ఆమెలో ఏమీ మారలేదు. అదే చుట్ట, అదే దుప్పట్లు. మారింది మేం. ముందు కుళాయి దగ్గర ఆమెకి బిందె అడ్డం తీసి దారి ఇవ్వడం మొదలైంది. తర్వాత ఒకావిడ 'మెంబరుగారూ' అంది. ఆమె వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరో వచ్చారేమోనని. కొన్నాళ్లకి వెనక్కి తిరగడం మానేసింది. ప్రెసిడెంటుగారు బియ్యంకొట్టు ముందు ఆమెకి ఒక ప్లాస్టిక్ కుర్చీ వేయించాడు. "ఏటత్తా, బల్ల దిగి కుర్చీ ఎక్కినావు" అన్నాను. "నడుంనొప్పిరా" అంది. చేతికి అందినంత దూరంలోనే ఉన్నాను. పూర్వమైతే ఒకటి తగిలించేది. ఈసారి కొట్టలేదు.

రెండువేల సంవత్సరం దాటాక రైలు పట్టాల అవతల మా జాగా మీద కూడా గెస్టుహౌసులవాళ్ల కన్ను పడింది. మా వీధి నుంచి లోయ బాగా కనిపిస్తుంది. ఆ సంగతి మాకు తెలియదు, మేం పొద్దున్నే పనికి పోయేవాళ్లం. కొండజాతి భూమిని మైదానంవాళ్లు కొనకూడదు. అందుకని హోటలు ప్రెసిడెంటుగారి పేరు మీద, కౌంటరు షావుకారి కొడుకు కింద. వీధి ఖాళీ చేస్తే ఊరికి దూరంగా, ఎర్రమట్టి బోడికొండ పక్కన జాగా చూపిస్తామన్నారు. అక్కడ నీళ్లు లేవు, పనికి రావాలంటే పొద్దున్న బయల్దేరినవాడు మధ్యాహ్నానికి వస్తాడు. వీధి నిలబడుతుందా లేదా, అదొక్కటే ఆ చైత్రంలో మా అందరి మాట.

వేటకి మేం వెళతామన్నాం. బుద్రత్త వద్దంది. "బల్ల కాడ తేలదిది. పట్నం పెద్దాపీసుకి పోవాల. నేను మెంబర్ని, నన్ను లోనికి రానిత్తారు." ఆడవాళ్లు వేటకి వెళ్లడం మా ఆచారంలో లేదు. ఒక ముసలాయన ఆ మాటే అన్నాడు. "కుళాయి ఏట మాత్రం మన తాతలు ఆడినారేటి?" అని ఆమె పొద్దున బస్సెక్కింది.

ఆ రోజు వీధిలో ఎవరూ పనికి పోలేదు. ఆడవాళ్లు అలవాటు ప్రకారం పేడ తెచ్చి బకెట్లో కలిపి ఉంచారు. చేతులకి అలవాటైన పని, ఎవరికోసమో ఆలోచించలేదు. సాయంత్రం బస్సు మలుపు దగ్గర ఆగింది. బుద్రత్త దిగింది. మలుపు నుంచి వీధి మొదటిదాకా ఆమె నడిచిన తీరులోనే మాకు తెలిసిపోయింది. గెలిచి వచ్చే మనిషి చేతులు ఊపుకుంటూ వస్తుంది. ఆమె చేతులు రెండూ ముందుకి పట్టుకుని, ఖాళీగా ఉన్నాయని చూపించుకుంటూ వచ్చింది.

బకెట్టు దగ్గరకి వచ్చి ఆగింది. చెంగు నడుముకి బిగించుకుంది. తల వంచి, కళ్లు మూసుకుంది. భుజాలు పైకి లేపింది.

ఎవరూ కదలలేదు. బకెట్టు పట్టుకున్నావిడ పక్కావిడ వైపు చూసింది. ఆవిడ నా వైపు చూసింది. గాలికి ఎక్కడో రేకు కొట్టుకుంటోంది. కాసేపటికి ఎవరో ఇంట్లోంచి కుర్చీ తెచ్చి వేశారు. ఇంకెవరో స్టీలు గ్లాసుతో నీళ్లు తెచ్చారు. "కూకోండి మెంబరుగారూ, శానా దూరం తిరిగొచ్చినారు" అన్నారు. చాలా మర్యాదగా అన్నారు. మా వీధిలో అంత మర్యాద అంతకుముందు ఎవరికీ దొరకలేదు.

బుద్రత్త కళ్లు తెరిచింది. బకెట్టుని చూసింది, కుర్చీని చూసింది, మమ్మల్ని ఒక్కొక్కరినే చూసింది.

"ఏటే, పేడ సిక్కగా కలపలేదా?"

ఎవరూ నవ్వలేదు. ఆమె కుర్చీలో కూర్చుని నీళ్లు తాగింది. గ్లాసు తిరిగి ఇచ్చి ఇంట్లోకి పోయింది. పొడి చీరతో.

మర్నాడు బల్ల దగ్గరకి పోవడానికి ఎవరూ లేరు. తడిసినవాళ్లే లేరు కదా. మెంబరుగారు మళ్లీ ఏదో చేస్తారని మేం ఎదురుచూశాం. జనం ఏదో అంటారని మెంబరుగారు ఎదురుచూసింది. ఇంత గౌరవంగా ఓడిపోయిన వీధి ఇంకొకటి ఉండదు. చినుకులు మొదలయ్యేలోపల రేకులు విప్పి ట్రాక్టర్ల మీద వేసుకున్నాం. కొందరు బోడికొండకి పోయారు. కొందరు పట్నంలో అపార్టుమెంట్ల పనికి దిగారు. నేను జీపు వదిలేసి ఇక్కడ ఒక కంపెనీ కారు నడుపుతున్నాను. బ్రేకులు బాగున్నాయి, కబుర్లతో పని లేదు.

ఆఖరిసారి ఆమెని అరకు సంతలో చూశాను. పదవీకాలం అయిపోయింది. గోనెపట్టా మీద చింతపండు పోసుకుని కూర్చుంది. మెంబరుగారు అనేవాళ్లు మిగల్లేదు, అత్తా అనేవాళ్లు పట్నంలో ఉన్నారు. నేను పక్కన చతికిలబడ్డాను. మా వీధి ఉన్నచోట లేచిన మేడ అక్కడినుంచి కనిపిస్తుంది. ఆమె అటు చూడలేదు.

"ఆ రోజు ఎందుకు పొయ్యలేదురా?" అంది, ఏదో ధర అడిగినట్టు.

"నీ మీదా అత్తా? మెంబరు మీదా?"

"అదే. మనోడయితే తిడతావు. తిట్టి లోనికి రానిత్తావు. నాకు కుర్చీ యేసినారు." చుట్ట తీసి బూడిద దులిపింది. "తడిపి ఉంటే పొద్దున్నే ఆ బస్సే ఎక్కి, ఆ ఆపీసు గుమ్మంల కూకుందును. ఆ కంపుకి ఆలే దిగొచ్చేవోలు. పొడి చీర కట్టుకుని ఏ మొకంతో పోవాల?"

  చింతపండు ఒక రెబ్బ తీసి నోట్లో వేసుకున్నాను. "పులుపేటి?" అంది. "శానా" అన్నాను. "మరి పారెయ్యకు, సప్పరించు" అంది. తర్వాతి చలికాలం ఆమె పోయిందని కబురు తెలిసేసరికి దినాలు కూడా అయిపోయాయి.

ఇక్కడ మా కొండవాలు కాలనీలో అరకువాళ్లం, సాలూరువాళ్లం, ఇంకా లోపలి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లం చాలామందిమే ఉన్నాం. పైవరసల ఇళ్లకి నీళ్లెక్కవు. నాకు నోరుంది కాబట్టి నన్ను ముందు నిలబెట్టారు. పోయిన నెల వార్డు నాయకుడి దగ్గరికి వెళ్లాను. ఆయన నా మాటలకి బాగా నవ్వి, టీ ఇప్పించి పంపించాడు. మెట్లెక్కి వచ్చేసరికి పైవరస వాళ్లంతా బయటే ఉన్నారు. నా మొహం చూసి విషయం అర్థమైంది వాళ్లకి. ఒకావిడ లోపలికి పోయి కుర్చీ తెచ్చింది. "పర్లేదు సార్, మీరు మాత్రం ఏటి సేత్తారు, కూకోండి" అంది.

'సార్' అనగానే నేను ఆ కుర్చీని పక్కకి జరిపాను. కూర్చోలేదు. "కుర్చీ వద్దు. నన్ను తిట్టండి" అన్నాను. "నాలుగు తిట్టండి, ఒక బకెట్టు ఏదైనా మీద పొయ్యండి. పొద్దున్నే మళ్లీ పోతాను."

 ఒకరు నవ్వడం మొదలుపెట్టారు, ఇంకొకరు అందుకున్నారు, పిల్లలు చప్పట్లు కొట్టారు, కుర్చీ తెచ్చినావిడ నవ్వి నవ్వి కళ్లనీళ్లు తుడుచుకుంది. బకెట్టు మాత్రం ఎవరూ తేలేదు. ఇన్నేళ్లలో నేను వేసిన ఏ జోకుకీ అంతగా ఎవరూ నవ్వలేదు.